యాప నూనె, కుంకుడు రసం పెట్టుకుంటే కడుపు రాకుండ ఉంటదా?

ఉత్తరం: "అక్కా నమస్తే. మాది పరకాల దిక్కు పల్లె. నాకు 26 ఏండ్లు, పాపకు 9 నెలలు, ఇంక నా పాలే తాగుతది, ఉగ్గు గూడ పెడుతున్న. రెండు నెలల కింద మళ్ళ పీరియడ్స్ మొదలైనయి. మూడేండ్ల దాక ఇంకో కాన్పు వద్దనుకుంటున్నం. మా ఆయన నిరోధ్ అంటే మొఖం ముడుసుకుంటడు. మెడికల్ షాపుల లోపల పెట్టుకునే గోలీ తెచ్చిండు, మూడుసార్లు వాడిన, మూడుసార్లు మంట లేసింది. అది కెమికల్ కాబట్టి మంట అని, యాప నూనెల దూది ముంచి పెట్టుకుంటే ఏం గాదని మా అత్తమ్మ అన్నది. ఫోన్ల ఒక వీడియోల కుంకుడు రసం, నిమ్మరసం గూడ పనిచేస్తయని చెప్పిన్రు. ఎరువుల దుకాణంల దొరికే యాప నూనె సీసా ఇంట్ల ఉంటే మొన్న ఆదివారం ఒకసారి పెట్టుకున్న. ఆకులు, కాయలతోని చేసింది కెమికల్ కంటె మంచిదే కదా అక్కా? దీంతోని కడుపు నిజంగ ఆగుతదా?"

చెల్లే, నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికే వారం దాటింది, అందుకని నువ్వు అడిగినదానికి జవాబు జర ఆగి చెప్త, ముందు నువ్వు చెయ్యాల్సిన పని చెప్త. ఆ యాప నూనె మళ్ళ పెట్టుకోకు, ఆ గోలీ గూడ బంద్ చెయ్యి. పెట్టుకున్న దూది మొత్తం బయటికి వచ్చిందా లేదా మంచిగ యాది చేసుకో, అనుమానం ఉంటే చేతులు సబ్బుతోని కడుక్కొని వేలితోని చూసుకో, లేకుంటే ఏఎన్ఎం అక్క దగ్గరికి పో, ఎందుకంటె లోపల మిగిలిన దూది నాలుగైదు రోజులల్ల కుళ్ళిపోయి వాసన, జ్వరం దాక తెస్తది. ఇగ ఆదివారం కలిసిన్రు కాబట్టి ఈ నెల డేట్ తప్పితే గాని, కలిసిన రోజు నుంచి 21 రోజులు దాటినంక గాని, కడుపు ఉన్నదా లేదా చూసుకునే నిశ్చయ్ కిట్ ఆశ వర్కర్ దగ్గర ఉచితంగ ఇస్తరు, పొద్దుగాల మూత్రంతోని పరీక్ష చేసుకో. నీ ఉత్తరం మూడు రోజుల లోపల అందితే కడుపు రాకుండ 72 గంటల్ల మింగే గోలీ గురించి చెప్తుంటి, ఇప్పుడు ఆ టైం దాటింది. ఇది చదివే మిగతా అక్కచెల్లెండ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, యాప నూనెనో నిమ్మకాయనో నమ్ముకొని కలిసినోళ్ళు ఆ 72 గంటల గోలీ వేసుకోవాలె, అది గూడ ఎంత తొందరగ వేసుకుంటే అంత మంచిది, పాలిచ్చే తల్లులు గూడ వేసుకోవచ్చు.

ఇప్పుడు నీ ప్రశ్న. మీ అత్తమ్మ అబద్ధం చెప్పలే. యాప నూనె వీర్యకణాలను చంపుతది, కుంకుడు రసం గూడ చంపుతది, ఇది ల్యాబుల తేలిన సంగతే. ఢిల్లీల రక్షణ శాఖ కింద డీపాస్ అనే సంస్థ ఉన్నది, అక్కడి సైంటిస్టులు 1980లల్లనే యాప నూనె మీద పనిచేసి అరనిమిషంల మనిషి వీర్యకణాలు కదలకుండ అయితయని చూపెట్టిన్రు, ఆ నూనెల నుంచి నిమ్-76 అని ఒక భాగాన్ని గూడ వేరుచేసిన్రు. అంటే పెద్దలు ఉత్తగనే అన్నమాట కాదు ఇది. కాని గాజు పలక మీద చచ్చుడు వేరు, మన ఒంట్ల చచ్చుడు వేరు, అక్కడనే అందరు పొరపాటు పడుతున్నరు.

కుంకుడుకాయ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటె అది అర్థమైతే మిగతాదంత అర్థమైతది. చిన్నప్పుడు ఆదివారం తలస్నానం పోస్తుంటే కుంకుడు రసం కండ్లల్ల పడ్డప్పుడు ఎట్ల అరిచినవో యాది తెచ్చుకో. ఒక్క చుక్కకే కన్ను ఎర్రగ అయ్యి, ఉప్పు నాలిక మీద పెట్టించుకొని గంటసేపు ఏడ్చేది కదా అందరం. కుంకుడుల సాపోనిన్లు అనే పదార్థం ఉంటది, నురుగు వచ్చేది దానివల్లనే, జిడ్డును విడగొట్టేది దానివల్లనే. వీర్యకణం చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటది, ఆ పొరను ఈ సాపోనిన్ తలల జిడ్డును తీసినట్టే తీసేస్తది, కణం పగిలి చస్తది. బాగనే ఉంది, కాని మన లోపలి పొర గూడ కణాలతోనే అయింది, దాని చుట్టూ గూడ కొవ్వు పొరే ఉంటది. ఇది వీర్యకణం, ఇది మనిషి ఒళ్ళు అని కుంకుడు రసానికి తేడా తెల్వదు. కంటి పొర ఎంత లేతగ ఉంటదో యోని లోపలి పొర గూడ అంతే లేతగ ఉంటది, కంట్ల పోసుకోనిది అక్కడ ఎట్ల పోసుకుంటం చెప్పు.

ఇంకోటి. యోనిల పెరుగు తోడుల ఉండేటి జాతి మంచి బ్యాక్టీరియా ఉంటది, అది పులుపును పుట్టిస్తది, ఆ పులుపే బయటి క్రిములను రానియ్యదు. ఆ పులుపును కొలిచే పీహెచ్ లెక్క 3.8 నుంచి 4.5 మధ్యల ఉంటది. సబ్బు లాంటి ఏ పదార్థమైనా ఈ మంచి బ్యాక్టీరియాను గూడ కడిగేస్తది, అప్పుడు తెల్లబట్ట, దురద, వాసన, మూత్రంల మంట ఒకదాని ఎనక ఒకటి వస్తయి. (పెరుగు పేరు చెప్పిన కదా అని పెరుగు పెట్టుకోకండి, ఒక అక్క నన్ను నిజంగనే అడిగింది, అందుకే చెప్తున్న.)

నువ్వు వాడిన గోలీల ఉండే మందు పేరు నోనాక్సినాల్-9. కెమికల్ కాబట్టి మంట అని మీ అత్తమ్మ అన్నది కదా, అసలు సంగతి ఏందంటే అది గూడ ఒక రకం సబ్బు లాంటిదే, వీర్యకణం కొవ్వు పొరను విడగొట్టే చంపుతది, అంటే కుంకుడు చేసే పని అదే, ఈ గోలీ చేసే పని అదే, ఒకటి చెట్టు మీద కాసింది, ఒకటి ఫ్యాక్టరీల తయారైంది, గంతే. నీకు మంట వచ్చింది ఆ పనితోని, అది ఎక్కడ పుట్టింది అన్నదానితోని కాదు. ఈ నోనాక్సినాల్ సంగతి గూడ మస్తు ఏండ్లు ఎవరికి తెల్వలే, ల్యాబుల హెచ్ఐవీ వైరస్‌ను గూడ చంపుతున్నది అని సంబురపడి ఆఫ్రికాల, థాయిలాండ్‌ల సెక్స్ వర్కర్ల మీద పెద్ద ట్రయల్ చేసిన్రు, 2002 ల ఆ ఫలితం అచ్చయింది, చూస్తే ఆ మందున్న జెల్ వాడినోళ్ళకు హెచ్ఐవీ తగ్గుడు కాదు, రోజుకు చాలాసార్లు వాడినోళ్ళకు ఎక్కువనే అయింది. ఎందుకంటె లోపలి పొర గీరుకపోయినట్టయి వైరస్‌కు దారి దొరికింది. అప్పటి సంది ఎక్కువ సార్లు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తనే ఉన్నది. అరుదుగ ఎప్పుడో వాడుకునేటోళ్ళకు అంత ముప్పు లేదు, కాని నీకు మూడుసార్లకు మూడుసార్లు మంట లేసింది కాబట్టి నీ ఒంటికి అది పడలేదు. నేను నీకు ఆ గోలీ వైపు మాట్లాడుతలేను. చెట్టుది గూడ అదే దారిన పోయి అదే దెబ్బ కొడుతది అంటున్న, అది గూడ ఎంత మోతాదుల కొడుతదో ఎవరికి తెల్వకుండ.

ఇప్పుడు ల్యాబ్ సంగతి. ల్యాబుల ఏం చేస్తరంటే గాజు గొట్టంల వీర్యం, రసం కొలిచి కలుపుతరు, ప్రతి కణం రసంల మునుగుతది, ఇగ చావక ఏం చేస్తది. ఒంట్ల అట్ల కాదు. ఒక్కసారికి వచ్చే వీర్యంల కోట్ల కణాలు ఉంటయి, మగాయన బాగున్నడు అని చెప్పనీకే కనీసం మూడు, నాలుగు కోట్లు ఉండాలంటరు. అందుల కొన్ని నిమిషాల లోపలనే గర్భసంచి మూతిల ఉండే జిగురుల దూరిపోతయి, ఇగ అక్కడికి నీ యాప నూనె చేరది, కుంకుడు రసం చేరది. దూదిల ముంచి పెట్టినది ఒక దిక్కు ఉంటది, వీర్యం ఇంకో దిక్కు నుంచి పోతది. కోట్లల్ల ఒక్కటి తప్పించుకున్నా చాలు కదా. పెద్ద కంపెనీ కొలత పెట్టి, నురుగు లెక్క అంతట పరుచుకునేటట్టు చేసిన గోలీలు, జెల్లులే మామూలుగ వాడే ఆడవాళ్ళు 100 మందిల ఏడాదికి 21 మందికి కడుపు వస్తది. తప్పు లేకుండ పద్ధతి ప్రకారం వాడినోళ్ళల్ల గూడ 16 మందికి వస్తది. ఇంట్ల పిసికిన రసంతోని దానికంటె మంచిగ అయితదని నేను ఎట్ల చెప్పాలె.

పైగ మనం పిసికే రసంల మందు ఎంత ఉన్నది? ఒక చెట్టు కాయ నురుగు ఎక్కువ వస్తది, ఇంకో చెట్టు కాయ రాదు, పచ్చికాయ వేరు, ఎండినది వేరు, నీళ్ళు ఎక్కువ పోస్తే వేరు. బియ్యం కడిగిన నీళ్ళ లెక్క పలుచగ ఉంటే కడుపు ఆగదు, చిక్కగ ఉంటే లోపల పుండైతది. నేను 31 ఏండ్లు నర్సుగ చేసిన, కాన్పుల వార్డుల, ఓపీల. ఒక ఆడబిడ్డ వచ్చింది, నీ వయసే ఉంటది, నడవనీకె వస్తలేదు, మూత్రం పోయనీకె ఏడుస్తున్నది. ముందు ఏం చెప్పలే, తర్వాత వాళ్ళమ్మ బయటికి పోయినంక చెప్పింది, కుంకుడు రసం మూడు రోజులు వరుసగ పోసుకున్నదట. లోపల మొత్తం ఎర్రగ, పొర లేసి ఉన్నది. పదిహేను రోజులు పట్టింది మానెటానికి, అది మానేలోపల్నే ఆ నెల డేట్ గూడ తప్పింది ఆమెకు. ఆ బిడ్డ మొఖం నాకు ఇప్పటికీ యాదికుంటది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

నిమ్మరసం సంగతి చిన్నగ చెప్త. నిమ్మరసం మీద గూడ ట్రయల్స్ అయినయి, సగానికి సగం నీళ్ళు కలిపిన రసం గూడ లోపలి పొరను దెబ్బతీస్తదని తేలింది, దానికంటె పలుచగ చేస్తే కడుపు ఆపుతదన్న నమ్మకం లేదు. ఆ వీడియో చూసుడు బంద్ చెయ్యి.

ఇగ యాప నూనె. మీ ఇంట్ల ఉన్నది ఎరువుల దుకాణంల తెచ్చిన సీసా అన్నవు, ఆ మాట చదివినంక నాకు నిద్ర పట్టలే. ఆ సీసా మీద 1500 పీపీఎం అనో 10000 పీపీఎం అనో రాసి ఉంటది చూడు. అది పత్తికి, మిర్చికి కొట్టే పురుగుమందు. అందుల యాప నూనె ఒక్కటే ఉండది, నీళ్ళల్ల కలవనీకె ఎమల్సిఫైయర్లు, సాల్వెంట్లు కలుపుతరు, అవి మనిషి ఒంటి లోపలికి పోయేటట్టు చేసినయి కావు. చేన్ల కొట్టేటప్పుడే చేతులకు తొడుగులు వేసుకోవాలె, మొఖానికి బట్ట కట్టుకోవాలె అని సీసా మీద రాస్తరు. ఇగ గానుగల ఆడించిన అసలు నూనె అయినా సరే, లోపల పెట్టుకునే మందు కాదు అది. యాప నూనె తాగించిన చంటిపిల్లలకు వాంతులు, ఫిట్స్, లివర్, మెదడు దెబ్బతిన్న కేసులు డాక్టర్లు రాసిన్రు, పాపకు గూడ కడుపుల పురుగులకని ఎవరన్న చెప్తే ఒక్క చుక్క గూడ పొయ్యకు. ఇంకోటి గూడ యాదిపెట్టుకో, యాప నూనె గాని, కొబ్బరి నూనె గాని నిరోధ్‌కు తగిలితే ఆ రబ్బరు నిమిషాలల్ల బలం పోయి చినుగుతది. రెండు కలిపి వాడితే డబల్ సేఫ్టీ అనుకునేటోళ్ళకు రెండూ పోతయి.

నువ్వు అడగొచ్చు, మరి సైంటిస్టులు ఎందుకు దీన్నే మందుగ చెయ్యలే అని. చేసిన్రు చెల్లే, చెయ్యనీకె మస్తు కష్టపడ్డరు. ఢిల్లీల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ పెట్టిన డాక్టర్ జి.పి. తల్వార్ అని పెద్ద సైంటిస్టు, ఆయన టీం ప్రణీమ్ అని ఒకటి తయారుచేసింది, అందుల శుద్ధి చేసిన యాప సారం, రీఠా సాపోనిన్లు, ఒక రకం పుదీనా జాతి నూనె కలిపిన్రు. రీఠా అంటే ఉత్తరాది కొండల కుంకుడు, మన దిక్కు కాసే కుంకుడు దాని చుట్టమే గాని అదే చెట్టు కాదు. లక్నోల ఉన్న సీడీఆర్ఐ, అంటే సర్కారు మందుల పరిశోధన సంస్థ, అదే రీఠా సాపోనిన్‌తోని కన్సాప్ అనే క్రీమ్ చేసింది. వాళ్ళు ఏం చేసిన్రో చూడు, ముందు సారాన్ని వేరుచేసిన్రు, ఎన్ని మిల్లీగ్రాములకు కణాలు చస్తయి, ఎన్ని మిల్లీగ్రాములకు పొర దెబ్బతింటది అని కొలిచిన్రు, జంతువుల మీద చూసిన్రు, తర్వాత ఒప్పుకున్న ఆడవాళ్ళ మీద లోపలి పొరను పరీక్ష చేసుకుంట చూసిన్రు. ఇట్ల ఏండ్లకేండ్లు పట్టింది. చెట్టుల మందు ఉన్నది నిజం, ఆ మందు బయటికి రావాలంటే ఈ కొలత అంత జరగాలె, మన వాకిట్ల రోట్ల దంచితే ఆ కొలత ఎక్కడి నుంచి వస్తది.

పత్తి గురించి గూడ చెప్త, మనది పత్తి నేల కదా, సీజన్ వస్తే ఎనుమాముల మార్కెట్ తెల్లగ నిండుతది. చైనాల కొన్ని ఊర్లల్ల శుద్ధి చెయ్యని పత్తిగింజల నూనెతోని వండుకొని తిన్నోళ్ళకు పిల్లలు పుట్టుడు ఆగిపోయిందట, ఏందబ్బా అని చూస్తే పత్తిగింజల ఉండే గాసిపాల్ అనే పదార్థం మగవాళ్ళల్ల వీర్యకణాలు తయారు కాకుండ చేస్తున్నది. ఇగ 1970లల్ల 8000 మందికి పైగ మగవాళ్ళకు ఆ గోలీలు ఇచ్చి చూసిన్రు. కడుపు రాకుండ బాగనే ఆపింది. కాని కొంతమందికి ఒంట్ల పొటాషియం పడిపోయి కాళ్ళు చేతులు సత్తువ లేకుండ అయినయి, ఇంకొంతమందికి గోలీ మానేసినంక గూడ వీర్యకణాలు మళ్ళ రాలే, ఎప్పటికి రాలే. మూడేండ్లు ఆగుదాం అనుకున్న మీ లాంటి జంటకు అట్లయితే ఏం గావాలె. ఇది చదివి ఎవరు భయపడొద్దు, ఇప్పుడు దుకాణంల దొరికే రిఫైన్డ్ పత్తిగింజల నూనెల గాసిపాల్ తీసేస్తరు.

అట్లని చెట్లన్నీ వద్దు అని కాదు నేను చెప్పేది. నిరోధ్ దేనితోని చేస్తరు? రబ్బరు చెట్టు పాలతోని. గర్భనిరోధక గోలీల హార్మోన్ మొదట్ల ఎక్కడి నుంచి వచ్చింది? మెక్సికోల అడవిల పెరిగే ఒక రకం గడ్డ నుంచి, మన పెండలం గడ్డ జాతిదే, అమెరికా కెమిస్ట్ రస్సెల్ మార్కర్ 1940లల్ల దాంట్ల నుంచి హార్మోన్ తీసే దారి కనిపెట్టిండు, 1951 ల మెక్సికోలనే గోలీల వాడే హార్మోన్ తయారైంది. ఆ గడ్డ ఉడకబెట్టుకొని తింటే కడుపు ఆగదు, దాన్ని ల్యాబుల మార్చితేనే ఆగుతది. కాబట్టి నువ్వు నిరోధ్ వాడితే గూడ చెట్టుదే వాడినట్టు, ఆ మాట మీ అత్తమ్మకు చెప్పు, నిజమే కదా.

ఇగ నీకు ఏం చెయ్యాలె అన్నది. పాలిస్తున్న కదా కడుపు రాదు అని ఎవరన్న అంటే నమ్మకు, అది పాపకు ఆరు నెలల లోపల, పాలు తప్ప నీళ్ళు గూడ పొయ్యకుండ, నీకు పీరియడ్స్ రానప్పుడే, మూడూ ఉంటేనే పనిచేస్తది. నీకు మూడూ లేవు.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు ముందుగాల మనసుకు వచ్చింది ఛాయ గోలీ. నీకు హార్మోన్ గోలీలంటే భయం ఉంటది, పాలు తగ్గుతయని అందరు అంటరు కదా. ఛాయల హార్మోన్ లేదు, పాలిచ్చే తల్లులు వాడొచ్చు, రోజూ వేసుకునే పని లేదు. ఇది గూడ లక్నో సీడీఆర్ఐ వాళ్ళదే, ఆ రీఠా క్రీమ్ మీద పనిచేసిన సంస్థనే, 1990ల మొదట్ల సహేలి పేరుతోని వచ్చింది, 2016 తర్వాత సర్కారు దవాఖానల్ల ఛాయ పేరుతోని ఉచితంగ ఇస్తున్నరు. నీ పీరియడ్ మొదలైన మొదటి రోజు మొదటి గోలీ, అప్పటి సంది మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. మొదటి గోలీ ఆదివారం పడితే రెండోది బుధవారం, ఇట్ల చీటీల వారాలు రాసి ఇస్తరు. పద్ధతి ప్రకారం వేసుకుంటే 100 మందిల ఏడాదికి ఒకరిద్దరికే కడుపు వస్తది. దీనివల్ల కొందరికి డేట్ ఎడం అయితది, 40, 45 రోజులకు వస్తది, దానికి భయపడకు, కాని పదిహేను రోజులు దాటి ఆలస్యమైతే మాత్రం కిట్టుతోని చూసుకో. పీసీఓడీ ఉన్నోళ్ళు, కామెర్లు, లివర్ జబ్బు ఉన్నోళ్ళు, గర్భసంచి మూతికి జబ్బు ఉన్నోళ్ళు వేసుకోవద్దు, అందుకే ఒకసారి డాక్టరమ్మతోని చూపించుకొని మొదలుపెట్టు. గోలీ మర్చిపోతే యాదికి వచ్చినంక వెంటనే వేసుకో, మళ్ళ పీరియడ్ వచ్చేదాక నిరోధ్ గూడ వాడాలె, వారం దాటి మర్చిపోతే మళ్ళ మొదటి నుంచి వారానికి రెండు.

వారం లెక్క యాదిపెట్టుకునుడు కష్టం అనుకుంటే కాపర్ టీ. దీంట్ల గూడ హార్మోన్ లేదు, రాగి తీగ ఉంటది, ఆ రాగే గర్భసంచి లోపల వీర్యకణాలను పనిచెయ్యనియ్యదు. చూడు, నువ్వు వెతుకుతున్నది ఇదే కదా, వీర్యకణాలను ఆపేది, ఒంట్లకు హార్మోన్ పోనిది, మంట పెట్టనిది. సర్కారుల రెండు రకాలు ఉంటయి, 375 అయిదేండ్లకు, 380ఏ పదేండ్లకు, నువ్వు మూడేండ్లకు పిల్లలు కావాలంటే అప్పుడే తీయించుకోవచ్చు, తీసినంక వెంటనే మళ్ళ కడుపు నిలబడే వీలు వస్తది. 100 మందిల ఏడాదికి ఒక్కరికి గూడ కడుపు రాదు దాదాపు. మొదటి మూడు నాలుగు నెలలు బ్లీడింగ్, కడుపునొప్పి జర ఎక్కువ ఉంటది, అది ముందే చెప్తున్న ఎందుకంటె చాలామంది చెప్పకపోవుడు వల్లనే రెండో నెలల తీయించుకుంటరు. కాని ఇప్పుడు నీకు లోపల మంట ఉన్నది కాబట్టి ముందు అది తగ్గించుకొని, ఇన్ఫెక్షన్ లేదని చూపించుకొని తర్వాతనే వేయించుకో. అంతర అని మూడు నెలలకొకసారి సూది గూడ ఉన్నది, అది హార్మోన్‌ది, డేట్లు అటుఇటు అయితయి, ఆపినంక కడుపు నిలబడనీకె ఏడు నుంచి పది నెలలు పడుతది, నీకు అది రెండో మాటగనే చెప్త.

మీ ఆయన సంగతి. నిరోధ్ వద్దంటడు అన్నవు, బయటికి తీస్తే సరిపోతది అని గూడ అంటరు మగవాళ్ళు, దాంట్ల ఏడాదికి 100 మందిల 20 మందికి కడుపు వస్తది. నీ లోపల మంట లేసి, పురుగుమందు సీసా దాక పోయింది వ్యవహారం, ఇది ఆయనకు తెలుసా? తెల్వకుంటే నువ్వే చెప్పు, పాపను పండుకోబెట్టినంక కూసోబెట్టి చెప్పు, సిగ్గు పడకు. ఛాయ పని మొదలయ్యేదాక, ఆ మొదటి పీరియడ్ దాక, ఆయన నిరోధ్ వాడాల్సిందే. చాలామంది మగవాళ్ళు వద్దనేది సైజు సరిగ లేకనో, పొడిగ ఉండి ఇబ్బంది అయ్యో, అట్లయితే నీళ్ళతోని చేసిన జెల్ దొరుకుతది మెడికల్ షాపుల, అది వాడుకోవచ్చు, నూనె మాత్రం వద్దు. ఆయన అప్పటికీ వినకుంటే ఆ రోజులు కలవకండి. ఇది నీ ఒళ్ళు బిడ్డా, కాన్పు నొప్పులు నువ్వే పడ్డవు.

మీ అత్తమ్మతోని కొట్లాట పెట్టుకోకు. ఆమె కాలంల సర్కారు దవాఖాన అంటే ఆపరేషన్ ఒక్కటే తెలుసు, మధ్యల ఆగుదాం అంటే చేతికి దొరికింది యాప నూనే, ఆమె నీకు మంచి కావాలనే చెప్పింది. నువ్వు పీహెచ్‌సీకి పోయేటప్పుడు ఆమెను గూడ తీసుకపో, ఏఎన్ఎం అక్క నోటి నుంచి వింటే ఆమె నమ్ముతది, నువ్వు చెప్తే "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చెప్తదా" అంటది, నాకు తెలుసు.

ఇప్పుడు ఆ మంటకు. రోజుకు ఒకసారి స్నానంల బయట మాత్రం నీళ్ళతోని కడుక్కో, లోపలికి సబ్బు, డెట్టాల్, ఉప్పునీళ్ళు ఏవీ పోనియ్యకు. మంట తగ్గేదాక కలవకండి, కాటన్ బట్టలు వేసుకో, నీళ్ళు మంచిగ తాగు. మూడు నాలుగు రోజులల్ల తగ్గకుంటే గాని, తెల్లబట్ట పెరుగు గడ్డల లెక్క వచ్చినా, పచ్చగ వాసనతోని వచ్చినా, పొత్తికడుపుల నొప్పి, జ్వరం, మూత్రంల మంట ఉన్నా పీహెచ్‌సీకి పో, అక్కడ కాదంటే పరకాల సర్కారు దవాఖాన, ఇంకా కాదంటే వరంగల్‌ల సీకేఎం దవాఖాన ఉన్నది. అక్కడ యాప నూనె పెట్టుకున్న సంగతి దాచకు. ఏం పెట్టుకున్నవో తెలిస్తేనే సరైన మందు ఇస్తరు, వీలైతే ఆ సీసా ఫొటో ఫోన్ల తీసుకొని పో.

ఒకవేళ పరీక్షల రెండు గీతలు వస్తే, ఏడ్చుకుంట కూసోకు, బొప్పాయి, నువ్వులు, కషాయాలు ఏవీ ముట్టకు, జిల్లేడు పుల్ల మాట ఎవరన్న ఎత్తితే ఆ ఇంట్ల నుంచి లేచి వచ్చేయి, దాంతోని ప్రాణాలు పోయిన ఆడవాళ్ళను నేను చూసిన. చట్టం నీ పక్కన ఉన్నది, వాడిన పద్ధతి ఫెయిలయ్యి వచ్చిన కడుపును 20 వారాల దాక డాక్టర్ దగ్గర తీయించుకునే హక్కు ఉన్నది, ఎంత తొందరగ పోతే అంత సులువు, మొదటి వారాలల్ల అయితే గోలీలతోనే అయితది, అది గూడ డాక్టర్ చూస్తుండంగనే. ఉంచుకుందాం అనుకున్నా మీ ఇష్టమే, అప్పుడు పాపకు పాలు ఎట్ల, నీకు తిండి ఎట్ల అని ఇంకో ఉత్తరం రాయి, వివరంగ చెప్త.

ఈ బుధవారమో శనివారమో మీ ఊరికి ఏఎన్ఎం అక్క టీకాలకు వస్తది కదా, పాపకు 9 నెలల టీకా గూడ ఉంటది, ఆ రోజే ఈ సంగతి అడుగు. ఛాయ ఉన్నదా అని పేరుతోని అడుగు, స్టాక్ లేదంటే ఎప్పుడు వస్తదో చీటీల రాయించుకో, అప్పటి దాక నిరోధ్ ప్యాకెట్లు ఆశ వర్కర్ దగ్గర తెచ్చుకో.